తాడు నంబర్ 5: ఆదివారం ఆగుతుంది, సోమవారం జారుతుంది

పాప కళ్ళద్దాలు జారకుండా తల వెనక కట్టడానికి నేను అల్లుతున్న తాళ్ళలో ఐదోది కూడా ఓడిపోయింది. తెగలేదు, ఊడలేదు. చూడ్డానికి ఇప్పటిదాకా అల్లినవాటిలో ఇదే ముచ్చటగా ఉంది. కానీ బడి నుంచి వచ్చేసరికి పాప అద్దాలు ముక్కు కొస మీద, చూపు అద్దాల పైనుంచి. పాత పహాణీలు తిరగేసే పట్వారీలా నిలబడింది గుమ్మంలో.

పాపకు ఐదేళ్ళు. రెండు కళ్ళకూ ప్లస్ 4.50 పవర్. ఎడమ కన్ను లోపలికి తిరుగుతుంది, అద్దాలు పెడితే సరిగ్గా వస్తుంది. హైదరాబాద్‌లో మూడు రోజులు కంటిపాపను విప్పార్చే అట్రోపిన్ ఆయింట్‌మెంట్ పెట్టించి చూశాకే ఈ నంబర్ తేలింది. పెట్టుకోనని మొదట్లో పెట్టిన పేచీ తీరిపోయింది. అద్దాలుంటేనే కార్టూన్, అంతే. ఇప్పుడు లేవగానే తనే వెతుక్కుంటుంది.

మిగిలింది జారుడు. దీనితో నాకు నెల నుంచి నిద్ర లేదు.

ఫ్రేమ్ కాడ లోపల 41-16-120 అని ఉంది, అంటే అద్దం వెడల్పు, ముక్కు మీది సందు, కాడ పొడవు, మి.మీ.లలో. పాలీకార్బొనేట్ అద్దాలతో కలిపి బంగారం కాటా మీద 15 గ్రాములు తూగింది, అంటే బరువు నేరం కాదు. ఐదో తాడు యాంకర్ కంపెనీ కాటన్ దారం, 2.5 మి.మీ. పోనీ కంపెనీ క్రోషా సూది, పొడవు 18.5 సెం.మీ., వెడల్పు 8 మి.మీ. (ఊలు వద్దే వద్దు. మూడో తాడుకు వాడాను, పాలమూరు ఎండలో పాప మెడ చెమటకాయలతో ఎర్రబడింది.) రెండు కొసల్లో కాడ దూరే గొట్టం అల్లి, లోపల సైకిల్ వాల్ ట్యూబ్ ముక్కను నిలువునా చీల్చి కుట్టాను. ఆన్‌లైన్‌లో అమ్మే సిలికాన్ కొక్కేల కంటే ఇదే గట్టిగా పట్టుకుంటుంది, ఖర్చూ తక్కువ. మధ్యలో టిచ్ బటన్, ఎక్కడైనా చిక్కుకుంటే పటుక్కున ఊడిపోవాలని. పడుకునేటప్పుడు తాడు ఎలాగూ తీసేస్తాం.

ఎంత జారుతోందో కొలవడానికి పద్ధతి ఒకటి కుదిరింది. పొద్దున ముక్కు దూలం మీద, ఫ్రేమ్ అంచుకు ఆనించి, మా ఆవిడ బొట్టు స్టిక్కర్లలో అతి చిన్నది ఒకటి అంటిస్తాను. ఒంటిపూట బడి అయిపోయి పన్నెండున్నరకు ఇంటికి రాగానే స్టిక్కర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య సందు స్కేలుతో చూస్తాను. సోమవారం 6 మి.మీ., మంగళవారం 5, బుధవారం 7, గురువారం 6. శుక్రవారం స్టిక్కరే లేదు, పక్క పిల్ల నుదుటికి అంటించి వచ్చిందట. ఆదివారం ఇంట్లో అంతే సేపటికి 1.

6 మి.మీ. ముందుకు జరిగితే పవర్ లెక్కలో పెద్ద తేడా రాదు. ప్లస్ అద్దం కంటికి దూరమైన కొద్దీ బలం కొంచెం పెరుగుతుంది, 4.50 కాస్తా 4.62 అవుతుంది. పేచీ అక్కడ లేదు. అద్దం మధ్యభాగం కంటిపాప ఎదురుగా ఉండకుండా కిందికి దిగిపోతుంది, పిల్ల పైనుంచి చూస్తుంది, ఎడమ కన్ను మళ్ళీ లోపలికి పోతుంది. పెట్టుకున్నట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు.

మొదట చెమట అనుకున్నాను. ఆదివారం సాయంత్రం పిల్లలమర్రికి తీసుకెళ్ళి గంటన్నర ఉరికించాను. గౌను వెన్ను తడిసిపోయింది, జారింది ఒకటిన్నర మి.మీ. చెమట కాదు.

తరవాత తాడు సాగుతోందేమో అనుకున్నాను. ఐదు పది రూపాయల బిళ్ళలు కవర్లో వేసి, దాదాపు 39 గ్రాములు, రాత్రంతా మేకుకు వేలాడదీశాను. పొద్దునకి 3 మి.మీ. సాగింది, దించి గంట ఉంచితే మళ్ళీ మామూలే. అదీ కాదు.

మూడోది కొబ్బరినూనె. దీని మీద నాకు గట్టి నమ్మకం ఉండింది. బడి రోజుల్లో తలకు నూనె, ఆదివారం కుంకుడుకాయ పోసుకుని ఉత్త తల. దొంగ దొరికాడనుకున్నా. మరుసటి ఆదివారం తలారిన జుట్టుకే కావాలని నూనె పెట్టి, చెవుల వెనక కూడా రాసి వదిలేశాను. జారింది 2 మి.మీ. మా ఆవిడ దిండు గలీబు చూసి నాతో రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి.

అసలు సంగతి పట్టుకున్నది అమ్మ. లాక్‌డౌన్‌లో నాకు క్రోషా నేర్పింది ఆమే. సర్కారు కంటి వెలుగు క్యాంపులో వచ్చిన అద్దాలు పెట్టుకుని బియ్యం ఏరుతూ, బడికి తయారవుతున్న మనవరాలి వెనక్కి చూసి, "జడల మీదికెల్లి ఏస్తే జారక ఏమైతది రా?" అంది.

అంతే. బడికి రెండు జడలు, మడిచి రిబ్బను. జడ మొదలు సరిగ్గా చెవి వెనకే లేస్తుంది. తాడు దాని మీదెక్కి తల వెనక బుడిపె దాకా పోయి కూర్చుంటుంది, కాడల కొసల్ని పైకి లాగుతుంది. కాడ ఆనేది చెవి మీద. ఏతం ఒక పక్క లేస్తే రెండో పక్క దిగదా? ముందున్న అద్దాలు దిగుతాయి. ఆదివారం జుట్టు విరబోసి ఉంటుంది కాబట్టి తాడు మెడ గుంటలోకి జారి కొసల్ని కిందికి లాగేది, అద్దాలు నిలబడేవి. జడలు వేసేది మా ఆవిడ, తాడు కట్టేది నేను, కొలతలు తీసేదీ నేనే. ఒక్కరోజైనా పిల్ల వెనక్కి వెళ్ళి చూడలేదు.

మర్నాడే తాడు జడల కిందినుంచి వేశాను. 2 మి.మీ.! ఎగిరి గంతేశాను, ఒక్కపూటే. ఆ మర్నాటికి టిచ్ బటన్‌లో మెడ దగ్గరి సన్న వెంట్రుకలు చిక్కుకుని పీకాయట. మూడో పీరియడ్‌లో తీసేసి అద్దాలు టిఫిన్ డబ్బాలో పెట్టుకొచ్చింది. పులిహోర మెతుకులతో సహా. ఏడుస్తూ "డాడీ, నీ తాడు కుడుతుంది" అంది. కుట్టింది నా గుండెను.

బటన్ నడిమెడ మీద వద్దని తేలింది. ఆరో తాడుకు దాన్ని కుడి చెవి వైపు 4 సెం.మీ. దాకా జరిపి, కింద మెత్తటి గుడ్డ నాలుక ఒకటి కుడతాను. గుడ్డ రెడీగా ఉంది, మా పిన్ని నారాయణపేట చీర కొంగు కత్తిరింపు. జడ మొదలు మందం 22 మి.మీ. ఉంది, తాడును అక్కడ రెండు పాయలు చేసి ఒకటి జడ పైనుంచి, ఒకటి కిందినుంచి పోనిస్తే ఎలా ఉంటుందా అని కూడా గీస్తున్నాను. కానీ పొద్దున ఎనిమిదింటికి ఆటో హారన్ కొడుతుంటే ఆ రెండు పాయల్లో జడ దూర్చే ఓపిక మా ఆవిడకు ఉండాలి కదా. కాడలు చెవి వెనక వంగే చోటు కూడా 4 మి.మీ. దూరంగా ఉన్నట్టు అనుమానం. వేడి నీళ్ళలో ముంచి నేనే వంచుదామనుకున్నా, కానీ పవర్ అద్దాల జోలికి పోయే ధైర్యం లేదు. శనివారం షాపులోనే వంచిస్తాను.

దారం రంగు ఇంకా తేలలేదు. పాప పసుపు అంటుంది, మట్టి కొడుతుందని నేను నీలం అంటున్నాను. అమ్మ పసుపు ఉండ అప్పుడే చుట్టేసి పెట్టింది.