చేతి మీది ప్లాస్టర్ ముక్క

మా ఐసీయూలో కేస్ షీట్లు తీసేసి కంప్యూటర్ రికార్డులు పెట్టిన మూడో రాత్రి, నా ఎడమ చేతి మీద ప్లాస్టర్ ముక్క అంటించుకుని నర్సు డ్యూటీ చేశాను. ఏ మంచానికి ఏ మందు ఎన్నింటికి ఇచ్చానో దాని మీదే రాసుకున్నాను. ఆ రాత్రి అందరం అదే పని. బీపీ పడిపోతున్న మనిషిని వదిలేసి, గ్లవ్స్ తీసి, లాగిన్ అయి, ఒక్కో స్క్రీనూ దాటుకుంటూ ఆ వివరాలు ఎప్పుడని ఎక్కిస్తాం? తెల్లవారుజామున కూర్చుని అన్నీ ఒకేసారి కంప్యూటర్లో ఎక్కించాం. రికార్డు చూస్తే రాత్రి మందులన్నీ అయిదు గంటలకే ఇచ్చినట్టుంది.

"స్టాఫ్ మార్పుకు ఒప్పుకోవడం లేదు" అన్నారు తర్వాత మీటింగులో. ఆ మాట ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

పాత కేస్ షీట్ మంచం దగ్గరే ఉండేది. డాక్టరు డోసు రాస్తుంటే పక్కనే నిలబడి చూసేదాన్ని. "మేడమ్, క్రియాటినిన్ పెరిగింది, ఇదే డోసు ఇమ్మంటారా?" అని అక్కడికక్కడే అడిగేదాన్ని. క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష. ఇప్పుడు ఆవిడ ఎక్కడో కూర్చుని ఆర్డర్ పెడతారు, నాకు ఎప్పటికో కనిపిస్తుంది. నా ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు కాబట్టి, ప్రోగ్రాం తయారుచేసినవాళ్లకు అది తెలిసే దారే లేదు. వాళ్లు ఫారాలు చూశారు, వార్డు చూడలేదు.

అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో 2002లో ఆర్డర్లను ఆరు రోజుల్లో కంప్యూటర్‌కు మార్చారు. వేరే ఆసుపత్రుల నుంచి అక్కడికి తెచ్చిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయని అక్కడి వైద్యులే 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో రాశారు. అది చదివి చాలాసేపు కదల్లేకపోయాను. అంతకుముందు బిడ్డ ఇంకా దారిలో ఉండగానే మందులకు ఆర్డర్ వెళ్లిపోయేది. కొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి, పేరు నమోదయ్యేదాకా ఆర్డర్ పెట్టడానికే లేదు. పైగా ఐసీయూలో చేతికందే మందులను సెంట్రల్ ఫార్మసీకి మార్చేశారు. ప్రాణం పోతున్న బిడ్డ దగ్గర ఆ నిమిషాలంటే ఏమిటో మాకు తెలుసు.

అదే కంపెనీ ప్రోగ్రాంను సియాటెల్ పిల్లల ఆసుపత్రి కూడా పెట్టుకుంది. అక్కడి ఐసీయూలో మరణాలు పెరగలేదని 2006లో రాశారు. అందుకే ఎవరైనా "ఏ సాఫ్ట్‌వేర్ కొంటే మంచిది" అని అడిగితే, ముందు మీ వార్డులో రాత్రి ఏం జరుగుతుందో చూడండి అంటాను.

కంప్యూటర్ ఇచ్చే హెచ్చరికలు, అదే అలర్టుల గురించి చెబితే తెల్లారుతుంది. చిన్నాపెద్దా తేడా లేకుండా ప్రతిదానికీ స్క్రీన్ మీద ఎర్ర పెట్టె వస్తే, ప్రాణం మీదికొచ్చేదాన్ని కూడా చెయ్యి అలవాటుగా మూసేస్తుంది. కాపీ-పేస్ట్ ఇంకో బాధ. మూడు రోజుల కిందట తీసేసిన కాథెటర్ గొట్టం, నోట్సులో ఇంకా రోగికి ఉన్నట్టే వస్తోంది.

పోయిన నెల ప్రోగ్రాం తయారుచేసేవాళ్లలో ఒకమ్మాయి రాత్రంతా మాతో ఉంది. నా చేతి వైపు చూసి, "సిస్టర్, దీని మీద ఏం రాసుకుంటారు?" అంది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగింది ఆ అమ్మాయే. మందు ఇచ్చిన సమయం వేరు, కంప్యూటర్లో ఎక్కించిన సమయం వేరు అని ముందు అది చెప్పాను. తర్వాత ప్లాస్టర్ ఊడదీసి టేబుల్ మీద పెట్టి, ఒక్కో గీతా చదివి వినిపించాను.