ఎండాకాలం కోడికూర: బెల్లం, మిరపకాయ, స్లో కుక్కర్

మే నెలలో కడపలో స్టవ్ ముందు నిలబడి కోడికూర వేయించడం నా వల్ల కాదు. 40 డిగ్రీలు దాటిన రోజు సాయంత్రం ఆరింటికి కూడా వంటింటి గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి, అందుకే ఆదివారం చికెన్ బాధ్యత మొత్తం స్లో కుక్కర్‌కి అప్పగించేశాను. విజిల్ లేదు, కలిపే పని లేదు. కరెంటుతో నడిచే ఈ కుక్కర్ పింగాణీ గిన్నెలో అన్నీ వేసి మూత పెడితే సన్నని వేడి మీద గంటల తరబడి అదే ఉడుకుతుంది.

"కోడికూరలో బెల్లం యాందిమ్మే?" అంటుంది మా అత్త. పులుసులో బెల్లం ముక్క వేసేది ఆమే, కోడి మాత్రం ఏం పాపం చేసింది?

కేజీ చికెన్‌కి లెగ్, తొడ ముక్కలే తీసుకోండి, స్కిన్ లేకుండా, ఎముకతో. బ్రెస్ట్ ముక్కలు ఇంతసేపు ఉడికితే పీచులా ఎండిపోతాయి. ఎనిమిది బ్యాడిగి మిరపకాయలు రంగుకి, నాలుగు ఘాటు మిరపకాయలు కారానికి, వేడినీళ్లలో నానబెట్టి, పది తెల్లగడ్డ రేకులు, అల్లం ముక్క, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్రతో మెత్తగా నూరుకోవాలి. అందులో 60 గ్రాముల బెల్లం, ఉసిరికాయంత చింతపండు పిసికిన చిక్కటి రసం, ఉప్పు. రెండు పెద్ద ఎర్రగడ్డలు సన్నగా తరిగి గిన్నె అడుగున పరిచి, మసాలా పట్టించిన ముక్కలు పైన పెట్టేయడమే. నీళ్లు పోయొద్దు. మూత కింద ఆవిరి బయటికి పోదు కాబట్టి ఎర్రగడ్డ, చికెన్ వదిలే నీళ్లే సరిపోతాయి, కొత్తవాళ్లు గ్లాసు నీళ్లు పోసి చారు చేసుకునేది ఇక్కడే.

కుక్కర్ మీట 'లో' (తక్కువ వేడి) మీద పెడితే నాలుగైదు గంటలు, 'హై' (ఎక్కువ వేడి) మీద అయితే రెండున్నర నుంచి మూడు. మధ్యలో మూత తీసి చూడకండి, తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ ఎక్కడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డ చికెన్ నేరుగా వేయకూడదు, నిదానంగా వేడెక్కే గిన్నెలో అది చాలాసేపు గోరువెచ్చగానే ఉండిపోతుంది, సూక్ష్మక్రిములకి అంతకంటే ఏం కావాలి. థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 74 డిగ్రీలు రావాలి.

ఇంక కరెంటు. వంట మధ్యలో పోతే, మీరు ఇంట్లోనే ఉంటే వెంటనే గ్యాస్ మీదికి మార్చి ఉడికించేయండి. మీరు బయటికి వెళ్లొచ్చేసరికి కరెంటు పోయి వచ్చిన గుర్తులు కనిపించి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే మాత్రం ఆ కూర పారబోయడమే మేలు, కేజీ చికెన్ డబ్బుల కోసం కడుపు పాడు చేసుకోవడం ఎందుకు.

అసలు రుచంతా చివరి పది నిమిషాల్లో ఉంది. స్లో కుక్కర్‌లో కారం, మసాలా ఘాటు కొంచెం మెత్తబడతాయి, రసం పల్చగా ఉంటుంది. ముక్కలు జాగ్రత్తగా పక్కకు తీసి రసాన్ని వెడల్పాటి బాండీలో పోసి పెద్ద మంట మీద మరిగించాలి. మొదట చిన్న చిన్న నురగ బుడగలు, తర్వాత బెల్లం బిగుసుకునే కొద్దీ బుడగలు పెద్దవై నిదానంగా పగులుతాయి, గరిటెతో అడుగున గీస్తే దారి ఓ క్షణం అలాగే నిలుస్తుంది. అప్పుడు ముక్కలు వేసి, అర చెంచా పచ్చి కారంపొడి, దంచిన మిరియాలు చల్లి ఒక్కసారి దొర్లించి దించేయండి. ఆగితే బెల్లం మాడి చేదవుతుంది. మీకు ఈ పది నిమిషాల స్టవ్ కూడా బరువనిపిస్తే చారులాగే అన్నంలో పోసుకోండి, బాగానే ఉంటుంది కానీ ఆ జిగురు రాదు.

మా పిల్లలు అన్నంలోకి అడుగుతారు, నాకైతే జొన్నరొట్టె. సంగటిలోకి మాత్రం వద్దు, దానికి పల్చటి నాటుకోడి పులుసే కరెక్ట్. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఎముకలు తీసి, చిదిపి దోసె మీద పరచండి, ఆ దోసెకి కారం అక్కర్లేదు.