బానెట్ వేడిగా ఉంది

మా బత్తాయి తోటలో సాళ్ల మధ్య తిరగడానికి 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ కావాలి. నిన్న నేనూ మా బావా హాలియా వైపు ఒక సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి పోయాం. చెప్పిన ధర 3 లక్షల 40 వేలు. "కొత్తది ఎంతుందో తెలుసుగా అన్నా" అన్నాడు అమ్మేటాయన. తెలుసు. కానీ ఆయనది పాత లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్తది దిగితే పాతది దిగదా?

మీటర్‌లో 900 గంటలే. క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయింది. బావ ఏం మాట్లాడకుండా బానెట్ మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. వేడి! మేం రాకముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజిన్ ఎన్ని సెల్ఫులకు అందుకుంటుందో చూద్దామనే కదా పొద్దున్నే పోయింది.

చాయ్ ఇచ్చాడు (అది మాత్రం బాగుంది). ఆర్‌సీలో ఇంకా ఫైనాన్స్ కంపెనీ పేరుంది. అప్పు తీరిందని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ తెస్తే, వెనక టైర్లు మార్చే ఖర్చు తీసేసి 2 లక్షల 70 వేలు అన్నాం. ఆయన 3 దగ్గర ఆగాడు.

రేపు మళ్లీ పోతున్నాం. ఈసారి ఫోన్ చెయ్యకుండా, ఐదున్నరకే.