జుయ్‌మనే మోత

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ సద్దుమణిగేది రాత్రి పదిన్నరకు. అప్పుడే నా ఘంటసాల పాటలు. ఈమధ్య పాట వెనకాల సన్నగా జుయ్‌మని ఒకటే మోత. ఎస్పీ రోడ్డులో బేరమాడి కొన్న డాక్ మీద (ల్యాప్‌టాప్ డిజిటల్ పాటని హెడ్‌ఫోన్స్‌కి వినిపించే సిగ్నల్‌గా మార్చే డబ్బా) అనుమానం వచ్చింది. మా అనంతపురం రూమ్మేట్ "ఇదేస్కో మామా, సౌండు కడిగిన ముత్యమే" అని ఏదో ఆడియో ఆప్టిమైజర్ లింకు పంపాడు.

అది అడ్మిన్ పర్మిషన్ అడిగింది. ఇచ్చాను. యాంటీవైరస్‌ని ఎవరూ ఆపకుండా కాసే ట్యాంపర్ ప్రొటెక్షన్ తీసేయమంది, తీసేశాను. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, నవ్వుకోండి.

రెండు వారాల తర్వాత చూస్తే విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ పడుకుంది, విండోస్ అప్‌డేట్లు ఆగిపోయాయి. వెనకాల నడిచే సర్వీసులు ఆపితే సౌండు తేటపడుతుందని ఆ ఆప్టిమైజర్ వాదన. పూర్తిగా అబద్ధమూ కాదు. ఏదైనా డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎక్కువసేపు పట్టుకుంటే ఆడియో బఫర్ (ముందే సిద్ధం చేసుకున్న పాట ముక్క) ఖాళీ అయి టప్‌టప్ మంటుంది. కానీ నాది టప్‌టప్ కాదు, జుయ్! డిజిటల్ సంతకం లేని ఆడియో ఎఫెక్టుల్ని విండోస్ మామూలుగా లోపలికి రానివ్వదు. ఈ ఆప్టిమైజర్ మహానుభావుడు విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఆ కాపలా కూడా ఎత్తేశాడు. ఆఫీసు కాల్స్‌లో నా మైకు మాటలు పోయేదీ ఆ దారినే.

2017లో స్విట్జర్లాండ్‌లోని మోడ్‌జీరో అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు బయటపెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో కోనెక్సాంట్ ఆడియో డ్రైవర్‌తో వచ్చిన ప్రోగ్రామొకటి, మైక్ మ్యూట్ లాంటి బటన్లు కనిపెట్టడానికని, నొక్కిన ప్రతి కీనీ ఒక మామూలు ఫైల్లో రాసిపెట్టింది. పాస్‌వర్డ్‌లతో సహా. దొంగతనానికి కాదట, డీబగ్ కోసం (తప్పులు వెతకడానికి) పెట్టింది తీయడం మరిచారట. పేరున్న కంపెనీ డ్రైవరే అలా చేస్తే, ఊరూ పేరూ లేని దీని సంగతేంటి?

ఆదివారమంతా విండోస్ మళ్ళీ ఎక్కించడానికే సరిపోయింది. పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్లోంచి మార్చాను. మోత మాత్రం అలాగే ఉంది. విసుగొచ్చి చార్జర్ పీకాను, టక్కున ఆగిపోయింది. మా ఎక్స్‌టెన్షన్ బాక్స్ విప్పి చూస్తే మూడో పిన్నుకి ఎర్త్ వైరే లేదు.

కొత్త బాక్స్ తెచ్చాను. మా వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, "చూశావా, నేను చెప్పలా మామా!" అన్నాడు.