మెర్సిడెస్: ఆ పేరులో ఉన్న వెల

మెర్సిడెస్ అనగానే మనకు కారే గుర్తొస్తుంది. ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి 1889లో పుట్టిన తన కూతుర్ని ముద్దుగా అలా పిలుచుకునేవాడు. డైమ్లర్ కంపెనీ 1902లో ఆ ముద్దుపేరునే రిజిస్టర్ చేయించింది. కానీ ఆ పేరు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే స్పెయిన్‌లో ఉంది. పూర్తిగా చెప్పాలంటే 'మరియా దె లాస్ మెర్సెదెస్', కనికరాల మరియమ్మ. పోర్చుగీసులో 'మరియా దాస్ మెర్సేస్'. గుణదల మాత మీద భక్తితో మనవాళ్లు లూర్దు మేరి అని పెట్టుకున్నట్టే, అక్కడ ఈ మాత పేరు ఆడపిల్లలకు పెడతారు.

కనికరం అన్నానా, ఆ మాట మూలం చూస్తే మనసు ఆగిపోతుంది. లాటిన్‌లో 'మెర్సెస్' అంటే కూలి, జీతం, వెల. తర్వాత చర్చి భాషలో అదే దయ అయింది. స్పానిష్‌లో ఎదుటివారిని గౌరవంగా పిలిచే 'వుయెస్త్రా మెర్సెద్' (తమ దయ అన్నట్టు) అరిగి అరిగి 'ఉస్తెద్' అయింది, అంటే మన 'మీరు'. పోర్చుగీసువాళ్ల 'వొసే' కూడా అలా పుట్టినదే.

వెల దయ ఎలా అయిందో అర్థం కావాలంటే నాకు బార్సిలోనా కథ చాలు. ఆ రోజుల్లో మధ్యధరా సముద్రం మీద ఓడలను, తీరపు ఊళ్లను దోచి మనుషుల్ని పట్టుకుపోయి అమ్మేసేవారు. క్రైస్తవులు, ముస్లింలు రెండు వైపులా ఇదే జరిగేది. పేత్రో నొలాస్కో అనే భక్తుడు తన సొంత సొమ్ము పెట్టి బందీలను కొని విడిపించాడు. 1218 ఆగస్టు 10న బార్సిలోనా కేథడ్రల్‌లో ఆయన మొదలుపెట్టిన సన్యాసుల సంఘమే మెర్సిడారియన్ సభ, ఆ పేరులోనూ ఉన్నది అదే 'మెర్సెద్'. తెల్లని అంగీ, ఛాతీ మీద ఎరుపు, పసుపు చారల డాలు గుర్తు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు అందరు సన్యాసులకూ ఉన్నవే. వీళ్లకు నాలుగోది కూడా ఉంది: బందీ తన విశ్వాసం పోగొట్టుకునే ప్రమాదంలో ఉంటే, అవసరమైతే అతని బదులు తానే బందీగా ఉండిపోవాలి.

ఒక్కసారి ఊహించుకోండి. తెచ్చిన డబ్బు చాలలేదు. బందీ ఓడెక్కి ఇంటికి బయల్దేరాడు. తెల్ల అంగీ మనిషి మాత్రం ఒడ్డునే నిలబడిపోయాడు. సంత్ రేమండ్ నొన్నాతుస్ ఇలాగే బందీగా ఉండిపోయాడని, బోధించకుండా ఆయన పెదవులకు చిల్లులు పెట్టి తాళం వేశారని సంప్రదాయం చెబుతుంది.

మార్కు 10:45లో యేసు మనుషుల కోసం ఇచ్చే ప్రాణాన్ని మన తెలుగు బైబిల్ 'విమోచన క్రయధనము' అంటుంది. గ్రీకులో ఆ మాట 'లూత్రోన్', బానిసను విడిపించడానికి కట్టే డబ్బు. ఎన్నోసార్లు చదివి కూడా దాన్ని పెద్ద మాటగానే దాటేశాను. ఇప్పుడు చదివితే ఆ ఒడ్డు కనిపిస్తోంది, అక్కడ ఆగిపోయిన మనిషి కనిపిస్తున్నాడు. యేసయ్య నా కోసం జాలిపడి ఊరుకోలేదు, నా బదులు నిలబడ్డాడు.

ఆ కనికరాల మరియమ్మ పండుగ సెప్టెంబర్ 24న. ఆ రోజు బార్సిలోనా అంతా సెలవు. వీధుల్లో మనుషుల భుజాల మీద మనుషులు నిలబడి గోపురంలా లేస్తారు, కొసన ఓ చిన్న పిల్ల చెయ్యెత్తుతుంది. ఇళ్లల్లోనేమో మెర్సే (మెర్సెదెస్‌కు అక్కడి రూపం) అని పేరున్న అమ్మమ్మకో అత్తకో ఫోన్లు మోగుతాయి, నామ దినోత్సవ శుభాకాంక్షలు చెప్పడానికి.