ప్రిడేటర్‌ని క్రిటాలో గీయడం: దవడల నుంచి మాయమయ్యే ఒంటి దాకా

సినిమాల్లోని గ్రహాంతర వేటగాడు ప్రిడేటర్‌ని ఉచిత పెయింటింగ్ సాఫ్ట్‌వేర్ క్రిటాలో గీసేటప్పుడు, ఫ్యాన్ ఆర్ట్ చెడేది వివరాలు తక్కువై కాదు. ఏ భాగం ఎక్కడ అతుక్కుని ఉందో తేల్చుకోకముందే పొలుసులు, గీతలు వేయడం మొదలుపెడితే ఎంత చెక్కినా బొమ్మ నిలబడదు. 1987 నాటి సినిమాలో స్టాన్ విన్‌స్టన్ రూపొందించిన ఈ జీవి సూట్‌ని తొడుక్కుని నటించింది కెవిన్ పీటర్ హాల్, ఏడడుగులు దాటిన మనిషి. కాబట్టి లోపలి అస్థిపంజరం మనిషిదే: భుజం, మోచెయ్యి, మోకాలు మనిషికి ఉన్నచోటే పెట్టండి. తల ఒక్కటే పెద్దది. హీరో బొమ్మలకు వాడే ఎనిమిది తలల కొలత (ఎత్తు తల పొడవుకి ఎనిమిది రెట్లు) వద్దు, ఏడు తలలు పెడితే ఆ బరువు వస్తుంది.

కాన్వాస్ ఏ4, 300 డీపీఐ, అంటే 2480 × 3508 పిక్సెళ్లు. 8 బిట్‌లో (ఒక్కో రంగు ఛానెల్‌కి వాడే డేటా అంత) నిండుగా రంగు వేసిన ఒక్కో లేయర్ దాదాపు 35 ఎంబీ ర్యామ్ తింటుంది, 16 బిట్‌లో దానికి రెట్టింపు. ర్యామ్ తక్కువున్న ల్యాప్‌టాప్‌లో 8 బిట్ చాలు. చీకటి బ్యాక్‌గ్రౌండ్‌లో రంగు చారలు చారలుగా విడిపోతే పైన కాస్త నాయిస్ వేయండి, కలిసిపోతుంది.

ఎక్కువ సమయం తలకే ఇవ్వాలి. మాండిబుల్స్, అంటే నోటి చుట్టూ కదిలే కోరల దవడలు, నాలుగు, పక్కకి రెండు చొప్పున. వాటిని పెదవుల అంచు నుంచి మొలిపించడం అందరూ చేసే పొరపాటు. మొదలు బుగ్గ దగ్గరి కండలో ఉండాలి, మధ్యలో కీలు, చివర కోర. ఒకే పక్కనున్న రెంటి మధ్యా పల్చటి చర్మం సాగి ఉంటుంది. నోరు తెరిచినప్పుడు ఆ చర్మం బిగుసుకుంటుంది, మూసినప్పుడు ముడతలు పడుతుంది. కీళ్ల కోసం పీత కాళ్లని దగ్గరగా తీసిన ఫోటోలు చూడండి, సినిమా స్టిల్స్ కంటే అవే ఎక్కువ నేర్పుతాయి. జడల్లాంటి తీగలు నడినెత్తిన కాదు, తలచిప్ప అంచు చుట్టూ వరసగా మొదలవుతాయి. ముందు వరస సన్నగా, వెనక వరస లావుగా వేసి, మొదళ్ల దగ్గర గట్టి నీడ పెట్టకపోతే విగ్గు తగిలించినట్టే కనిపిస్తుంది.

ప్రిడేటర్ ఒంటి మీద తొడుక్కునే వలని చేత్తో గీయనక్కర్లేదు. డబ్ల్యూ కీ నొక్కితే వచ్చే ర్యాప్ అరౌండ్ మోడ్‌లో (గీసింది అన్ని వైపులా అతుకు లేకుండా రిపీట్ అవుతుంది) ఒక డైమండ్ గడి గీసి, దాన్ని ప్యాటర్న్‌గా నింపండి. తర్వాత ట్రాన్స్‌ఫామ్ టూల్‌లోని వార్ప్‌తో ఛాతీ, తొడల గుండ్రదనం వెంట వంచాలి: మధ్యలో గడులు వెడల్పు, అంచుల దగ్గర ఇరుకు. ఆ వలనే డూప్లికేట్ చేసి, ముదురు రంగులో, మల్టిప్లై మోడ్‌లో (కింది రంగుని ముదురు చేసేది), వెలుగుకి ఎదురు దిక్కున మూడు నాలుగు పిక్సెళ్లు జరిపితే చర్మం మీద ఆనినట్టు ఉంటుంది.

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు: ఇన్‌హెరిట్ ఆల్ఫా (కింది లేయర్లలో రంగు ఉన్న మేరకే పై లేయర్‌ని కత్తిరించే బటన్) నొక్కినా వల ఒంటి బయటికి పొర్లుతుంది. ఒంటి లేయర్‌నీ వలనీ ఒకే గ్రూప్‌లో పెట్టకపోవడమే కారణం. గ్రూప్ లేకపోతే కింద ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఆల్ఫా కూడా లెక్కలోకి వస్తుంది, అది కాన్వాస్ అంతా ఉంటుంది కాబట్టి కత్తిరింపే జరగదు.

రంగులకి ముందు వెలుగునీడలు చూసుకోండి. అన్నిటికంటే పైన నల్ల రంగు నింపిన లేయర్ పెట్టి కలర్ మోడ్‌కి మార్చితే బొమ్మంతా బూడిద రంగులో కనిపిస్తుంది. అప్పుడు ముసుగు, భుజం కవచం, చర్మం ఒకే ముద్దగా ఉంటే రంగులు దాన్ని కాపాడలేవు. అతి తెల్లటి మెరుపుని లోహం అంచులకే దాచుకోండి.

ఆకుపచ్చ రక్తం గ్లో స్టిక్ ద్రవంతో చేసింది, కాబట్టి అది తానే వెలగాలి: మధ్యలో పసుపు కలిసిన లేత రంగు, అంచున చిక్కటి ఆకుపచ్చ, పక్క చర్మం మీద దాని ఛాయ. కింది రంగుని వెలిగించే కలర్ డాడ్జ్ మోడ్ అచ్చ నలుపు మీద ఏమీ చూపించదు. అక్కడ అడిషన్ మోడ్ వాడాలి.

మాయమయ్యే ఒంటికి ఒపాసిటీ తగ్గించడం దారి కాదు, దెయ్యంలా తేలిపోతాడు. బ్యాక్‌గ్రౌండ్ కాపీని ఒంటి ఆకారంలో కత్తిరించి, ట్రాన్స్‌ఫామ్ టూల్‌లోని లిక్విఫైతో కండల వెంట వంచి, కొద్దిగా పెద్దది చేయండి. అంచున తెగుతూ సాగే సన్నని మెరుపు చాలు.

గురిపెట్టే మూడు ఎర్ర చుక్కల త్రికోణం ఆఖర్న వేయండి. జేపెగ్‌గా పంపితే ఆ ఎరుపు అలుక్కుపోతుంది. పీఎన్‌జీ మేలు, తప్పకపోతే జేపెగ్ సెట్టింగుల్లో సబ్‌శాంప్లింగ్ (రంగు వివరాలు తగ్గించే పద్ధతి) 4:4:4 ఎంచుకోండి, అప్పుడు రంగు తగ్గదు.