'మ' అనంగనే కరెంటు

నేను ఆర్టీసీల కండక్టర్ను, హన్మకొండ నుంచి ఏటూరునాగారం రూట్ల పదకొండేండ్ల సంది తిరుగుతున్న. నోరు పెట్టుకొని బతికే నౌకరి మనది, అసోంటిది నోరు తెరిస్తే కరెంటు కొట్టుడు 2023 డిసెంబర్ల షురువైంది. ఎందుకు యాదికుందంటే ఆ నెల 9 తారీఖుకెల్లి ఆడోళ్లకు ఫ్రీ బస్సు చాలయింది, బస్సు నిండ జనం, ఒక్కొక్కలను "ఆధార్ చూపియ్యమ్మా, యాడికి" అని అడుక్కుంట జీరో టికెట్లు కొడుతున్న. గూడెప్పాడ్ దాటినంక "మల్లంపల్లి ఎవరున్నరు" అనబోయిన. 'మ' కాడ రెండు పెదాలు తాకినయో లేదో, ఎడమదిక్కు పై పెదవి కాడికెల్లి చెవి ముందటి దాక సర్రుమని కొట్టింది. తడి చేతితోని స్విచ్చు పట్టుకుంటే ఎట్లుంటది, అగో అట్ల, కాకపోతే మొఖంల. పట్టుమని అయిదారు సెకండ్లు. చేతిల ఉన్న టికెట్ మిషన్ కిందపడకుండ ఎట్ల పట్టుకున్ననో నాకే తెల్వది. ఎదురుగ కూసున్న ముసలవ్వ "ఏమైంది బిడ్డా, పన్ను నొస్తుందా" అన్నది, అవునని తలకాయ ఊపిన, ఎందుకంటే నేను గూడ గదే అనుకున్న.

పన్నే అని అందరం అనుకున్నం. ఇంట్ల అందరు, డిపోల అందరు. పండ్ల డాక్టర్ దగ్గరికి పోతే ఎక్స్‌రే తీసి పై దౌడ పన్నుకు రూట్ కెనాల్ చేసిండు, తగ్గలే, పదిహేను రోజులకు ఆ పన్ను పీకిండు, తగ్గలే, పక్క పన్ను గూడ పీకిండు. పన్నే లేని కాడ పన్ను నొస్తది అంటే ఎవరికి చెప్పుకోను. మూడోది పీకుతా అన్నప్పుడు మా ఆయన వద్దన్నడు. ఆయన మీద నాకు మస్తు కోపాలున్నయి గాని ఆ ఒక్క మాటకు మాత్రం దండం.

ఇంట్ల అత్తమ్మ గాలి సోకిందన్నది. చెప్తే నవ్వుతరు, ఎండు మిరపకాయలు ఉప్పు తిప్పి దిష్టి తీసి పొయ్యిల ఏసింది, ఆ ఘాటుకు నాకు తుమ్ము వచ్చింది, తుమ్ముకు షాకు కొట్టింది, ఒకటెనుక ఒకటి నాలుగైదు. "చూసినవా, దిష్టి ఎంత గట్టిగున్నదో" అన్నది అత్తమ్మ.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాక మేడారం జాతర, స్పెషల్ డ్యూటీ. మేడారం, ములుగు, మల్లంపల్లి, మా రూట్ల ఊర్లన్ని 'మ' తోనే ఎందుకు పెట్టిన్రో. పెదాలు తాకకుండ అనొచ్చే మాట నాకు ఒక్కటే మిగిలింది, రైట్ రైట్. అట్ట ముక్క మీద మేడారం అని స్కెచ్‌తోని రాసుకొని చేతిల పట్టుకొని నిలవడ్డ, ఒర్లుడంత డ్రైవరన్ననే ఒర్లిండు. "నువ్వు మూగ కండక్టరు, నేను మైకు డ్రైవరు, మంచి జోడి చెల్లె" అని నవ్విచ్చిండు, నవ్వినా కొట్టింది.

తాడ్వాయి అడవిల పొద్దుగాల చలిగాలి మొఖానికి తాకితే అసలు తట్టుకోలేకపోయేది. మొఖం చుట్టు స్కార్ఫ్ కట్టుకుంటే ఆ గుడ్డ రాసుకున్నా కొట్టేది. పండ్లు తోముకునుడు బంద్ చేసి నీళ్లు పుక్కిలించి ఊంచుడే, అది గూడ గోరువెచ్చటియి. సర్వపిండి అంటే పాణం నాకు, దాన్ని చూస్తే భయమైతుండె. అన్నం పల్చగ పిసికి కుడిదిక్కు మింగుడు, మూడు నెలలల్ల ఏడు కిలోలు తగ్గిన. డిపోల ఒకామె "ఏం డైటింగ్ చేస్తున్నవే" అని అడిగింది, ఆమెకేం తెలుసు పాపం.

డ్యూటీ మీద మందులకు పోతే డిస్పెన్సరీ డాక్టరమ్మ నేను రెండు మాటలు చెప్పంగనే కలం పక్కకు పెట్టింది. "ఎన్ని సెకండ్లు ఉంటది? తాకితే వస్తదా? రాత్రి నిద్రల లేపుతదా?" అని అడిగి, ఇగ పండ్ల జోలికి పోకు, నరాల డాక్టర్ దగ్గరికి పో అని రాసిచ్చింది. హన్మకొండల న్యూరాలజీ ఆయన దూదితోని మొఖం అంత ముట్టి చూసి, చీటి ఎనుక మనిషి మొఖం గీసి మూడు గీతలు గీసిండు, ఒకటి నుదురుకు, ఒకటి పై దౌడకు, ఒకటి కింది దౌడకు. మూడు కలిసి ఒకటే నరం, మెదడుకెల్లి వచ్చే పన్నెండు జతలల్ల అయిదోది, ట్రైజెమినల్ అంటరు, నీది నడిమి కొమ్మ అన్నడు. ఎమ్మారై తీపిస్తే నరం మొదట్ల ఒక రక్తనాళం ఒరుసుకుంటున్నదని వచ్చింది. వైరు మీది ప్లాస్టిక్ అరిగితే ఏమైతది, రెండు తీగలు తాకి షార్ట్ అయితది, గంతే అమ్మా అన్నడు. నాకు సమజైంది, మా ఇంట్ల మోటరు గట్లనే కాలింది.

కార్బమజెపిన్ గోలీలు రాసిండు, మూర్ఛకు ఇచ్చే మందే దీనికి గూడ ఇస్తరంట. రెండో రోజుకే సగం తగ్గింది, నేను బాత్రూంల బ్రష్ పట్టుకొని ఏడ్చిన, నిజంగ ఏడ్చిన. కానీ డోసు పెంచుకుంట పోయి రోజుకు 800 మిల్లీగ్రాములకు వచ్చేసరికి నిలవడ్డ కాడ తూలుడు, మాట తడబడుడు, బస్సుల తూలితే తాగిందనుకుంటరు గదా. ఒకరోజు లెక్కల 340 రూపాలు తక్కువచ్చినయి, చేతికెల్లి కట్టిన. మే నెల ఎండలల్ల తలకాయ దిమ్ముగ ఉండి వాంతులైతే రక్తం చూసిన్రు, సోడియం 126, అది 135 కంటే మీద ఉండాలె. ఆ మందుకు గట్ల అయితదంట. డోసు సగానికి తగ్గిచ్చిండు, సోడియం మల్ల సరైంది, షాకులు మల్ల వచ్చినయి, కానీ మునుపటి లెక్క కాదు. హైదరాబాద్ల సర్జన్‌కు చూపెట్టినం, చెవెనుక చిన్న రంధ్రం చేసి ఆ నాళానికి నరానికి నడుమ టెఫ్లాన్ ముక్క పెడతరంట. మంచి ఆపరేషనే అన్నడు, తొందర లేదు ఆలోచించుకో అని గూడ అన్నడు. తలకాయ కోసుడు అనంగనే అత్తమ్మ రెండు రోజులు బువ్వ ముట్టలే.

ఇగో అప్పుడు ఫిజియోథెరపీ మాట వచ్చింది. మొదట పోయిన కాడ జరిగింది చెప్తే మీకు నవ్వొస్తది, నాకు ఇప్పటికి కాల్తది. ఫేషియల్ నర్వ్ అని అటెండరు ఏం రాసుకున్నడో, లోపల ఆయన ఏం అర్థం చేసుకున్నడో, మూతి వంకర పోయినోళ్లకు చేసేటియి నాకు మొదలు పెట్టిండు. బెలూన్ ఊదమన్నడు! చెంపకు మిషన్ తీగలు అంటిచ్చి కరెంటు పెట్టిండు, అసలే కరెంటు కొడుతుంటే మీదికెల్లి ఇంకో కరెంటు. మూతి వంకర పోయేది ఏడో నరం తోటి, దాంతోని మొఖం కదుల్తది, అయిదో దాంతోని మొఖానికి స్పర్శ తెలుస్తది, రెండిటికి పొంతన లేదు. ఆ రోజు మంచం మీద ఎన్నిసార్లు కొట్టిందో లెక్క పెట్టలే. పైసలు కట్టి మరీ తన్నులు తిన్నట్టాయె.

మల్ల ఫిజియో పేరెత్తితే కొడతా అన్న గాని నాలుగు నెలలకు న్యూరాలజీ ఆయననే ఒక అమ్మాయి దగ్గరికి పంపిండు, సుబేదారి దిక్కు, మా పెద్దపిల్ల కంటే నాలుగేండ్లు పెద్దదుంటదేమో. ఆ పిల్ల కూసోబెట్టి మొదట అన్న మాట, "అక్కా, నా దగ్గర నీ షాకు పోదు, ముందే చెప్తున్న, అది గోలీలతోటి, ఆపరేషన్ తోటి పోయేది. కానీ నీకు రెండు నొప్పులున్నయి, రెండోది చూద్దాం." నాకు కోపమచ్చింది, గింత దూరం వచ్చింది ఎందుకు మరి అని. మొఖం ముట్టనే ముట్టలే. సంచి ఏ బుజానికి ఏసుకుంటవు, మిషన్ ఏ చేతిల పట్టుకుంటవు, పండేటప్పుడు ఏ దిక్కు ఒరుగుతవు, ఇవే అడిగింది. సంచి ఎడమ బుజానికే, పదకొండేండ్లు. తలకాయ వంచి మిషన్ చూసుడు, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు.

నోరు తెరువుమన్నది, నీ మూడు వేళ్లు నిలువుగ పెట్టు అన్నది. మంచిగున్నోళ్లకు మూడు పడతయంట, నాకు రెండే పట్టినయి. స్కేలు పెట్టి 27 మిల్లీమీటర్లు అని రాసుకున్నది. ఏడాది సంది ఎప్పుడు కొడతదో అని దౌడ బిగపట్టుకొని, మెడ ఎడమకు ముడుచుకొని, బుజం చెవి దాక లేపుకొని బతికిన గదా, ఆ కండరాలన్ని కట్టెలయినయి. తలకాయ ఎనుక, పుర్రె కింది అంచు కాడ బొటనవేలు పెట్టి మెల్లగ నొక్కింది. నొక్కింది ఎనుక, నొప్పి తెలిసింది ఎడమ కన్ను పైన! నేను ఉలిక్కిపడ్డ. "మెడ పై మూడు నరాల తీగలు, మొఖం నరం తీగలు లోపల ఒక్క కాడనే దిగుతయి అక్కా, కాజీపేట జంక్షన్ అనుకో, ఢిల్లీ బండైనా బెజవాడ బండైనా ఆడికే రావాలె, అక్కడ రద్దీ అయితే అన్ని లైన్లు ఆగమైతయి" అన్నది. డాక్టర్లు ఇట్ల చెప్తే ఎంత బాగుంటది.

వారానికి రెండుసార్లు, పది వారాలు పోయిన. మెడకు వేడి కాపడం, మెడ ఎనుక చిన్న మిషన్ సన్నగ గుచ్చినట్టు పెట్టేది (మొఖానికి పెట్టనని ఒట్టేసింది), తర్వాత ఎక్సర్‌సైజులు. గదుమ లోపలికి గుంజి అయిదు లెక్కపెట్టుడు, చూసేటోళ్లకు కోడి తల ఎనుకకు గుంజినట్టుంటది, బస్టాండ్ల చేస్తే పిల్లలు నవ్వుతుండె. రెక్కల ఎముకలు ఎనుకకు దగ్గరికి తెచ్చుడు. అన్నిటికంటే పనిచేసింది మాత్రం ఉత్త చిన్న పని, పెదాలు మూసి, పండ్లు ఆనకుండ ఎడం పెట్టి, నాలుక కొన అంగిట్లకు ఆనిచ్చి ఉండుడు. రోజంత ఎన్నిసార్లు యాదికొస్తే అన్నిసార్లు. నేను పండ్లు కొరుక్కుంట ఉంటనని నాకు అప్పటిదాక తెల్వదు. స్టేజి స్టేజికి చూసుకునేది, ఆత్మకూరు వచ్చింది పండ్లు వదులు, గట్టమ్మ వచ్చింది పండ్లు వదులు.

ఆరో వారానికి దూది పని మొదలు పెట్టింది. అది గూడ మంచిగున్న కుడి చెంప మీద ముందు, తర్వాత ఎడమదిక్కు చెవి దగ్గర, నొప్పి జాగకు నాలుగు వేళ్ల దూరంల. ఒక్క నిమిషం, మెల్లగ, ఊపిరి పొడుగ్గ వదులుకుంట. రోజుకింత దగ్గరికి. దూది అయినంక పట్టు గుడ్డ, తర్వాత తువ్వాల అంచు. పై పెదవి జాగను మాత్రం చివరి దాక ముట్టనియ్యలే, "అది పాము పుట్ట, పక్కకెల్లి తొవ్వ చేసుకుందాం" అన్నది. రెండుసార్లు కొట్టింది నడుమల, ఆపేసినం, మూడు రోజులు ముట్టుకోలే, మల్ల చెవి కాడికెల్లి షురూ.

నోట్‌బుక్‌ల గీతలు చుక్కలు పెట్టమన్నది. షాకు కొడితే గీత, గుంజుడు బరువు ఉంటే చుక్క. మొదటి వారం గీతలు 38, చుక్కలైతే పేజీ నిండినయి, అంటే రోజంత ఉండే నొప్పి చాన మటుకు ఆ రెండోదే, నేను అంతా ఒకటే అనుకొని గోలీ మీద గోలీ అడుగుతున్న డాక్టర్ను. పదో వారానికి చుక్కలు పొద్దుకు ఒకటి రెండు. గీతలు గూడ పదికి వచ్చినయి, కానీ అది ఎక్సర్‌సైజుల పుణ్యమని నేను చెప్పను, ఈ రోగం కొన్నిరోజులు దానంతటదే పండుకొని మల్ల లేస్తదని డాక్టర్ ముందే చెప్పిండు. ఒకటి మాత్రం, గోలీ డోసు పెంచకుండ నడుస్తున్న, సోడియం 138, లెక్కల పైసలు తక్కువ రాలే. సంచి కుడి బుజానికి మారింది, రెండు నెలలు చేతికి అలవాటు గాక చిల్లరంతా కింద పోసిన అనుకోండ్రి.

నోరు ఇప్పుడు 41 మిల్లీమీటర్లు. ఆఖరిరోజు స్కేలు చూపెట్టి ఆ పిల్ల నవ్వింది, నేను మూడు వేళ్లు పెట్టి చూసుకున్న, నమ్మక మల్ల పెట్టిన. ఆపరేషన్ మాట ఇంక పక్కన్నే ఉన్నది, గోలీలు పనిచేయని రోజు వస్తే చేపిచ్చుకుంట, అత్తమ్మను గూడ ఒప్పిచ్చిన. మొన్న సంక్రాంతికి సకినాలు చేస్తే ఒకటి ఛాయల నానబెట్టి కుడిదిక్కు నమిలిన, ఎడమకు ధైర్యం చాలలే.

2026 జాతర జనవరి 28కి పడ్డది, మల్ల స్పెషల్ డ్యూటీ. డ్రైవరన్న ఈసారి గూడ అట్ట ముక్క తెచ్చిండు, రాసి మరీ. పక్కకు పెట్టమన్న. బస్సు తలుపు కాడ నిలవడి మొదట మెల్లగ, నాకు నేనే వినవడేటట్టు "మేడారం" అన్న. పెదాలు తాకినయి, ఏం కాలే. ఇగ ఒర్లిన, మేడారం మేడారం మేడారం అని, బెల్లం సంచులు నెత్తిన పెట్టుకున్నోళ్లు ఉరుక్కుంట వచ్చిన్రు. మూడో రాత్రి తాడ్వాయి దాటినంక కిటికీ ఎవరో తీసిన్రు, చలిగాలికి ఒకటి కొట్టింది, చిన్నదే. రాడ్ పట్టుకొని పండ్లు వదులు చేసి ఊపిరి వదిలిన. "జర కిటికీ ఏసుకోండ్రమ్మా" అని చెప్పి తర్వాత సీటుకు పోయిన.